మెయిల్ వచ్చింది, ఫోన్ మోగలేదు

తల్లిదండ్రులకు నమస్కారం.

పదో తరగతి పిల్లల పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ సరిచూసి చెప్పమని పంపిన మెయిల్‌కు చాలామంది నుంచి జవాబు రాలేదు. ఫోన్ చేస్తే అందరిదీ ఒకటే మాట: "మాకేం రాలేదు మేడమ్." ఆఫీసుకొచ్చిన ఒక నాన్నగారి ఫోన్‌లో వెతికితే మెయిల్ ఉంది. 'స్కూల్' అనే లేబుల్‌లో (మెయిళ్లను విడిగా పెట్టుకునే అర లాంటిది), తెరవకుండా. దాని కిందే బస్సు వేళల మార్పు, ఇంకా కింద ఫీజు రసీదు.

నిజానికి ఆయన చేసుకున్నది మంచి ఏర్పాటే. ఆఫర్ల గోలలో మన మెయిళ్లు కలిసిపోకుండా జీమెయిల్‌లో ఫిల్టర్, అంటే వచ్చిన మెయిల్‌ను దానంతటదే సర్దే ఏర్పాటు, పెట్టుకున్నారు. కాకపోతే ఫిల్టర్ పెట్టేటప్పుడు 'స్కిప్ ద ఇన్‌బాక్స్' దగ్గర టిక్ పెడితే మెయిల్ ఇన్‌బాక్స్‌లో ఆగదు, నేరుగా లేబుల్‌లోకి వెళ్లిపోతుంది. ఫోన్ మాత్రం మామూలుగా ఇన్‌బాక్స్‌కు వచ్చినవాటికే మోగుతుంది. ప్రైమరీ, ప్రమోషన్స్, అప్‌డేట్స్ అని విడివిడిగా కనిపించేవాళ్లదీ ఇదే తంటా. ప్రైమరీలో పడితేనే శబ్దం. ఒకేసారి అందరికీ వెళ్లే మన మెయిల్ అప్‌డేట్స్‌లో పడడం మామూలే.

ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నవాళ్లు జీమెయిల్ తెరిచి, పైన మూడు గీతలు నొక్కి, కిందకు వెళ్తే సెట్టింగ్స్ ఉంటుంది. అందులో మీ అకౌంట్, ఆ తర్వాత 'మేనేజ్ లేబుల్స్'. స్కూల్ మెయిళ్లు పడే లేబుల్‌ను నొక్కండి. ముందు 'సింక్ మెసేజెస్'లో 30 రోజులు అన్నది ఎంచుకోవాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు, ఎందుకంటే సింక్ (ఆ లేబుల్‌లోని మెయిళ్లు ఫోన్‌లోకి దిగడం) లేకపోతే కింద ఉన్న 'లేబుల్ నోటిఫికేషన్స్' పనిచేయదు. అది ఆన్ చేశాక 'నోటిఫై ఫర్ ఎవ్రీ మెసేజ్' కూడా టిక్ పెట్టండి. అది లేకపోతే మొదటి మెయిల్‌కు మోగి, మీరు చూసేదాకా తర్వాతివాటికి ఊరుకుంటుంది. పొద్దున ఫీజు మెయిల్‌కు మోగి, మధ్యాహ్నం వానకు సెలవు ఇచ్చామని పంపిన మెయిల్‌కు మోగకపోతే ఏం లాభం?

ఆన్ చేయొచ్చు కదా అని అన్ని లేబుల్స్‌కూ పెట్టకండి. రోజంతా మోగే ఫోన్‌ను రెండోరోజే సైలెంట్‌లో పడేస్తాం, నేనైనా అంతే.

ఐఫోన్ వాళ్లకు, లేదా ఇన్ని మెట్లు ఎక్కడం ఇష్టం లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. ఫిల్టర్‌లో 'స్కిప్ ద ఇన్‌బాక్స్' టిక్ తీసేసి, కేటగిరీ ప్రైమరీగా పెట్టండి. లేబుల్ అలాగే ఉంటుంది, మెయిల్ ఇన్‌బాక్స్‌లోనూ కనిపిస్తుంది, ఫోనూ మోగుతుంది. ఫిల్టర్లు జీమెయిల్ యాప్‌లో మార్చలేం, కంప్యూటర్ కావాలి. ఆఫీసు మెయిల్‌ను ఎక్స్ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ సర్వీసు) అకౌంట్‌గా ఐఫోన్ మెయిల్ యాప్‌లో పెట్టుకున్నవాళ్లయితే, 'ఫెచ్ న్యూ డేటా'లో ఆ అకౌంట్ నొక్కి, ఏ ఫోల్డర్లు వెంటనే రావాలో టిక్ పెట్టుకోవచ్చు.

ఇవన్నీ చేసినా మోగకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో జీమెయిల్‌కు నోటిఫికేషన్ల అనుమతి ఉందో లేదో చూడండి. ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా పెట్టుకున్న యాప్‌లకు ఆ అనుమతి మనమే ఇవ్వాలి.

అన్నీ వాట్సాప్‌లోనే పెట్టొచ్చుగా అని కొందరు అడుగుతున్నారు. సెలవు కబురు అక్కడా పెడతాం. కానీ పుట్టిన తేదీల్లాంటివి గ్రూపులో పెట్టలేం. మెమోలో పడిన తేదీ పాస్‌పోర్టు దాకా వెంట వస్తుంది, తర్వాత దిద్దించుకోవాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. జవాబు ఇవ్వనివాళ్లు దయచేసి ఈ వారంలోనే ఇవ్వండి.

ఫోన్ మోగుతుందో లేదో చూసుకోవడానికి శనివారం సాయంత్రం 4 గంటలకు అందరికీ 'టెస్ట్ మెయిల్' అని ఒకటి పంపుతాం. ఫోన్ మోగనివాళ్లు సోమవారం పిల్లల్ని దింపేటప్పుడు కంప్యూటర్ ల్యాబ్‌కు రండి, మా సార్ పక్కన కూర్చుని చూపిస్తారు. పాస్‌వర్డ్ మాత్రం మీరే కొట్టుకోండి, మాకు కూడా చెప్పొద్దు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు