అమ్మ, డాక్టరు, మధ్యలో మానిటరు

ఒరేయ్ గోపీ,

తిట్టకు. జవాబు బాగా ఆలస్యమైంది, తెలుసు. ఇంట్లో అందరూ కులాసా, చంటిది బడికి పోతోంది, నా ఉద్యోగం ఎప్పటి ఏడుపే. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి. ఇది నీకే చెప్పాలి, ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ రాసి పొట్ట పోసుకునేది నువ్వే కదరా మహానుభావా!

బీపీ చూపించడానికి అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మనిషి మంచివాడే. "కూర్చోండమ్మా" అన్నాడు, ఆపైన చూపంతా స్క్రీన్ మీదే. అమ్మ సంగతి నీకు తెలుసుగా, ఎదుటివాళ్లు పనిలో ఉంటే నోరు విప్పదు. ఆయన టకటకా కొడుతుంటే ఆగిపోతుంది, ఆయన ఆగితే మొదలెడుతుంది, మళ్లీ టకటక, మళ్లీ మౌనం. "నిద్ర పడుతోందా?" అని అడిగితే ఎవర్ని అడిగాడో తెలీక నా వైపు చూసింది. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. ఆవిడ భయం వేరట. "అంతసేపు నా గురించి ఏం రాశాడురా? పెద్ద జబ్బేమైనానా?" అని తర్వాత అడిగింది.

సరే, లేచాం. తలుపు గడియ మీద చెయ్యేసి అప్పుడంటుంది, "పొద్దున మంచం దిగితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి బాబూ" అని! నాకే తెలీదు. ఆయన కీబోర్డు పక్కకి నెట్టి, దగ్గరికొచ్చి, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశాడు. నిలబడ్డ 3 నిమిషాల్లోపు పై అంకె 20 పడిపోయినా పట్టించుకోవాలట. అమ్మకి ఇంకా ఎక్కువే పడింది.

ఇక్కడ నీ పరువు దక్కిందిరా. స్క్రీన్ మా వైపు తిప్పాడు. కిందటిసారి మాత్ర డోసు పెంచిన తేదీ అందులో ఉంది, కళ్లు తిరగడం ఆ తర్వాతే మొదలైంది. అమ్మ కళ్లజోడు సర్దుకుని, స్క్రీన్ మీది బీపీ గీత మీద వేలు పెట్టి, "ఇదంతా నాదేనా?" అంది. డోసు తగ్గించి, రాసేది పైకి చదువుతూ కొట్టాడు. ఇక అమ్మకి టకటక అడ్డు రాలేదు, పైగా ఆయన్నే దిద్దింది: "రాత్రి కాదు బాబూ, పొద్దున."

2012లో జామా అనే వైద్య పత్రికలో ఒక పిల్ల వేసిన బొమ్మ వచ్చింది, చూసే ఉంటావు. ఏడేళ్లది. తను బల్ల మీద, అమ్మా అక్కా పక్కన, డాక్టరేమో అటు తిరిగి కంప్యూటర్‌లో. అలాగని మా డాక్టర్నీ పూర్తిగా తిట్టలేను. "గడులన్నీ నింపందే ఈ కంప్యూటరు ముందుకు పోనివ్వదండీ" అన్నాడు పాపం. అమెరికాలో 2016లో లెక్క తీస్తే, రోగితో గడిపే గంటకి కంప్యూటరూ కాగితాల పనీ కలిపి దాదాపు 2 గంటలు తేలాయి. అందుకే నిన్ను అడుగుతున్నా, ఆ తప్పనిసరి గడులు ఎవడు పెట్టమన్నాడు? మన మూడో బెంచీ హాజరు పట్టీ గుర్తుందా? రాని వెధవలకి కూడా టిక్కులు! ఇక్కడా అలాగే, అడక్కుండానే గడులు నింపేస్తారేమో. ఇంకోటి, ఆ మానిటరు తిరిగే స్టాండు మీద పెట్టించడానికి...

అయ్యో, చంటిది పెన్ను లాగేస్తోంది. పచ్చ చొక్కా గొడవ మళ్లీ రాస్తా. ఉంటా.

నీ
బుజ్జిగాడు