పాత డాట్సన్ మీద కట్టర్ పెట్టే ముందు

తిరుపతి

మామా,

నువ్వు పంపిన ఫొటోలన్నీ రాత్రి అన్నం తిన్నాక కూర్చుని, ఒక్కొక్కటీ పెద్దది చేసుకుని చూశాను. 1972 డాట్సన్ 240జడ్ నీ ఇంట్లో ఉందంటే ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు రా. ఆ పొడుగాటి బానెట్, వెనక్కి జారిపోయే టాపు, వెనక చక్రాలకి దగ్గరగా డ్రైవర్ సీటు... రెండు డోర్ల బండి అంటే ఇట్లా ఉండాల. అమ్మ కూడా చూసి, "ఇంత పొడుగు బండిలో కూర్చునేది ఇద్దరేనా?" అనింది.

సరే, నువ్వడిగిన దానికి వస్తా. చక్రాల మీద వెడల్పు ఆర్చీలు (చక్రం పైన ఉండే రేకు వంపులు), బంపర్లు పీకేయడం, వెనక పెద్ద రెక్క, ఒళ్లంతా మ్యాట్ బ్లాక్. ఇవన్నీ నీ జాబితా. కోప్పడకుండా చదువు, దీంట్లో సగం నాకు నచ్చలేదు.

నేను చెప్పేది ఒకటే. బోల్టు విప్పితే ఊడొచ్చేది ఏదైనా నీ ఇష్టమొచ్చినట్టు మార్చుకో. కోస్తే తప్ప మారని దాని జోలికి పోవద్దు. మా షెడ్డులో ఉన్న స్టాండర్డ్ హెరాల్డ్ గుర్తుందా? 1961 నుంచి మద్రాసులో తయారైన బండి, ఇటలీకి చెందిన మికెలోట్టి గీసిన బాడీ. దానికి చాసిస్ వేరు, బాడీ వేరు. బాడీ కూడా భాగాలు భాగాలుగా బోల్టులతో బిగించి ఉంటుంది, బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకి లేస్తుంది. నీ జడ్ అట్లా కాదు. బాడీయే చాసిస్. ముందు మడ్‌గార్డులు, బానెట్, డోర్లు, డిక్కీ తలుపు విప్పుకోవచ్చు. వెనక చక్రాల చుట్టూ ఉన్న రేకు మాత్రం వెల్డింగుతో కలిసిపోయింది. వెడల్పు ఆర్చీల కోసం అక్కడ కోశావంటే లోపలి రేకు, బయటి రేకు మళ్ళీ కలిపి అతకాల్సిందే. ఆ అతుకులో కొంచెం సందు మిగిలినా చాలు, చక్రం చిమ్మిన నీళ్లన్నీ లోపలికే.

ఆర్చీల మీద అంత మోజుంటే ఈ డాట్సన్ తయారుచేసిన నిస్సాన్ వాళ్లే దారి చూపించారు. జపాన్‌లో ఈ బండి పేరు ఫెయిర్‌లేడీ. 1971లో జపాన్‌లో ఫెయిర్‌లేడీ 240జడ్‌జి అని ఒకటి తెచ్చారు. పొడుగు ముక్కు, చక్రాల మీద విడిగా బిగించిన ఆర్చీలు, ఆ మెరూన్ రంగు. అమెరికాలో అమ్మలేదు దాన్ని. ఆ పద్ధతిలో ఫైబర్ ఆర్చీలు ఇప్పుడూ దొరుకుతాయి. స్క్రూల కోసం రంధ్రాలు పడతాయి, కానీ రేపు మనసు మారితే వాటిని పూడ్చుకోవచ్చు. అసలు నీ బండి పేరే ఒక మార్పు, తెలుసా? అమెరికాలో నిస్సాన్ పని చూసిన యుటాకా కటయామాకి ఫెయిర్‌లేడీ అనే పేరు స్పోర్ట్స్ కారుకి అక్కడ నప్పదనిపించి, ఆ బ్యాడ్జీలు తీయించి 240జడ్ అని పెట్టించాడు. రేకు మీద గీత పడకుండా బండి గుర్తింపే మార్చేశాడాయన!

బంపర్లు దయచేసి పీకొద్దు. 1974 నుంచి అమెరికా భద్రతా నిబంధనల వల్ల ఆ బండికి లావు బంపర్లు వచ్చాయి. నీకున్న సన్న క్రోమ్ బంపర్ల కోసమే జనం ముందు మోడళ్లు వెతుక్కుంటారు. క్రోమ్ పోయి ఉంటే మళ్ళీ ప్లేటింగ్ చేయించు. పైన క్రోమ్ పొర చాలా పల్చన, మెరుపంతా దాని కింద ఉండే నికెల్‌ది. కింది రేకు పాలిష్ బాగా పడితేనే పైన అద్దంలా వస్తుంది. ప్లేటింగ్ వాడు అక్కడే పని తగ్గించుకోవాలని చూస్తాడు, దగ్గరుండి చూసుకో.

వెనక రెక్క గురించి. ఈ బండికి స్పీడులో తేలినట్టుండేది ముందు వైపు. కాబట్టి ముందు బంపర్ కింద ఒక ఎయిర్ డ్యామ్ (గాలి బండి కిందికి దూరకుండా ఆపే పలక) పెట్టు, వెనక డిక్కీ అంచున చిన్న స్పాయిలర్, అంటే పొట్టి అంచు రెక్క, చాలు. పీటర్ బ్రాక్ నడిపిన రేసు టీమ్ బీఆర్‌ఈ వాళ్ల 240జడ్ కూడా ఇంచుమించు అట్లాగే ఉండేది. దాంతోనే డ్రైవర్ జాన్ మోర్టన్ 1970, 1971లో వరసగా అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్ (ఎస్‌సీసీఏ) రేసుల్లో సీ ప్రొడక్షన్ తరగతి ఛాంపియన్ అయ్యాడు. రేసు గెలిచిన బండికి అక్కర్లేని పెద్ద రెక్క నీకెందుకు రా?

ఇప్పుడు అసలు సంగతి, తుప్పు. డబ్బులు ముందు దీనికి పెట్టు. బ్యాటరీ ట్రే కింద చూడు, యాసిడ్ కారి కింద ఫ్రేమ్ రైలు (బాడీ కింద బరువు మోసే పొడుగు రేకు దూలం) దాకా తినేసి ఉంటుంది. డోర్ల కింది అంచులు, ముందు మడ్‌గార్డుల వెనక భాగం, వెనక చక్రం ముందుండే మూల, ఫ్లోరు. అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి ఒళ్లంతా తిప్పు. ఎక్కడ పట్టు వదిలేస్తే అక్కడ పాత లప్పం మందంగా ఉన్నట్టు. మా షెడ్డు టింకర్ పెద్దాయన అరచేతి కింద గుడ్డ పెట్టుకుని, కళ్లు మూసుకుని రేకు మీద తోస్తాడు, కంటికి కనిపించని సొట్ట ఆయన చేతికి దొరుకుతుంది. ప్రైమర్ కొట్టాక దాని మీద నల్ల రంగు పల్చగా దుమ్ములా చల్లి, పొడుగు చెక్కకి వాటర్ పేపర్ చుట్టి రుద్దుతాడు. ఎక్కడ నలుపు మిగిలిందో అక్కడ గుంట. మళ్ళీ పని, మళ్ళీ నలుపు, మళ్ళీ రుద్దుడు. డోరు మీద ట్యూబులైటు నీడ వంకర లేకుండా పడేదాకా రంగు డబ్బా మూత తియ్యడు. మీ ఊళ్లో పెయింటర్‌కి ఇంత ఓపిక ఉందో లేదో ముందు కనుక్కో.

రంగంటావా, డోరు సందులో నువ్వు తీసిన ఫొటో చూడు. ఎర్ర రంగు కింద నారింజ కనిపిస్తోంది. అది కంపెనీ 918 నంబరు ఆరెంజ్ రంగు అయ్యుంటే ఎగిరి గంతెయ్యి, అదే వేయించు. మ్యాట్ బ్లాక్‌కి గీత పడితే పాలిష్ పట్టి పోగొట్టలేం, మెరుపు మరకలు పడతాయి. అంతగా నలుపు మోజుంటే మంచి పెయింట్ ఆరి గట్టిపడ్డాక పైన ర్యాప్ (రంగు ప్లాస్టిక్ పొర) అంటించుకో, ఎప్పుడైనా పీకేయొచ్చు. పెయింట్‌కి అద్దాలూ లైట్లూ విప్పినప్పుడే డిక్కీ తలుపు రబ్బరు, వెనక లైట్ల గ్యాస్కెట్లు కొత్తవి వేయించు. ఈ బండ్లలో పొగ వాసన లోపలికి వచ్చేది చాలావరకు ఆ సందుల్లోంచే. పిల్లల్ని ఎక్కించుకుంటావు, ఇది మాత్రం వాయిదా వెయ్యొద్దు.

నీకు అక్కడ విదేశంలో కొంచెం వీలుంది కానీ, ఇక్కడ మన దేశంలో అయితే ఇవన్నీ కుదరవు. 2019లో సుప్రీంకోర్టు చెప్పింది కదా, కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని. రంగు మార్చినా ఆర్సీలో ఎక్కించాలి. 2021 నుంచి యాభై ఏళ్లు దాటిన బండ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు, దానికీ బాడీ, చాసిస్, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. మా హెరాల్డ్‌ని మేం అట్లాగే ఉంచాం.

చక్రాలకి పదిహేనంగుళాల ఎనిమిది పుల్లల వాటనాబే కంపెనీ రిమ్ములు చూడు, ఆ కాలం బండికి బాగా నప్పుతాయి. ఆఫ్‌సెట్, అంటే రిమ్ము ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో ఆ కొలత, సరిగ్గా ఎంచుకుంటే ఏమీ కొయ్యక్కర్లేదు.

ఈ ఆదివారం అయస్కాంతం తిప్పి, బ్యాటరీ ట్రే తీసి కింద ఫొటోలు పంపు. వెనక చక్రం ముందు మూల లోపలి వైపు నుంచి కూడా తియ్యి, ఫ్లాష్ వేసి. అవి చూసేదాకా పెయింటర్‌కి అడ్వాన్సు ఇవ్వొద్దు.

నీ మిత్రుడు