ఆ ఒక్క వాక్యం సవరించండి

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం మీ పత్రిక పిల్లల పేజీలో, మనిషి వేట మాని సేద్యం పట్టిన వైనం మీద వచ్చిన వ్యాసం చదివాను. పిల్లలకు తేలికగా చెప్పాలన్న ఉద్దేశం మంచిదే గాని, ‘కొండల్లో కొందరు నేటికీ ఆ తొలిమెట్టు మీదే ఆగిపోయారు’ అన్న చివరి వాక్యం, రాయగడలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన నాకు మింగుడుపడలేదు.

ఆ మార్పు ఒక తరంలో జరిగింది కాదు. అడవి గోధుమ, అడవి వరి పండగానే గింజను నేల రాల్చుకుంటాయి. కంకులు కోసి తెచ్చుకున్న మనిషికి రాలకుండా నిలిచిన గింజలే ఎక్కువ దక్కాయి. వాటినే మళ్లీ మళ్లీ చల్లగా, నూర్చితే తప్ప గింజ రాలని పైరు తయారైంది. పశ్చిమాసియా తవ్వకాల్లో దొరికిన మాడిన గింజలను బట్టి చూస్తే ఇందుకు వెయ్యేళ్లకు పైగానే పట్టింది. అన్నాళ్లూ ఆ జనం విత్తారు, ఏరుకున్నారు, వేటాడారు కూడా. టర్కీలోని గోబెక్లీ తెపెలో సుమారు 11,500 ఏళ్ల కిందట అంతంత రాతి స్తంభాలు నిలబెట్టినవారు వేట మీద, ఏరుకున్న గింజల మీద బతికినవారే. సాగు అందరికీ సుఖమే తెచ్చిందనీ అనలేం: సిరియాలోని అబూ హురేరాలో బయటపడిన స్త్రీల అస్థిపంజరాల్లో, మోకాళ్ల మీద వంగి రోజంతా గింజలు నూరడం వల్ల దెబ్బతిన్న కాలివేళ్లు, మోకాళ్లు కనిపించాయి.

ఇక మన వైపు సంగతి. మా అమ్మ ఋషిపంచమి నాడు నాగలి తాకని నేలలో పండినదే తినేది. నివ్వరి అన్న మాట నేను మొదట విన్నది ఆమె నోటనే. ఆ అడవి వరి, వందల రకాల నాటు వరి పక్కపక్కనే పెరిగిన నేల కొరాపుట్ జిల్లాలోని జయపురం ప్రాంతం. అక్కడి సంప్రదాయ సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఆ విత్తనాలను కాపాడుకొచ్చినవారు మీ వ్యాసం ‘ఆగిపోయారు’ అన్న కొండవారే. మనం రోజూ తినే కందికి అడవి చుట్టం ఈ తూర్పు కనుమల్లోనే ఉంది. పాత కంది గింజలు ఒడిశాలోని గోల్‌బాయి శాసన్, గోపాల్‌పూర్ తవ్వకాల్లో దొరికాయి.

పోడు చేసే కుటుంబం ఒకే వాలులో చోళ్లు (రాగులు), సామలు, కందులు కలిపి వేస్తుంది. అడవిలో ఇప్పపూలు ఏరుతుంది, దుంపలు తవ్వుతుంది. వాన తప్పిన ఏడు ఆ దుంపలే ఇల్లు గడుపుతాయి, వరి ఒక్కటే నమ్ముకున్నవాడికి ఆ దారీ ఉండదు. ఈ కొండవారి పండగ చైత్ర పర్వంలో విత్తనానికి పూజ జరుగుతుంది, మగవారు వేటకూ వెళతారు. వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవారు పేడ చల్లి ఎగతాళి చేసే ఆనవాయితీ ఉండేది. పైగా చోళ్లు ఈ నేల పంట కాదు, ఆఫ్రికా నుంచి వచ్చినవి. ఎక్కడో పుట్టిన గింజను అందుకుని తమ కొండవాలుకు అలవాటు చేసుకున్నవారిని ఆగిపోయినవారని ఎలా అంటాం?

వచ్చే ఆదివారం ఆ ఒక్క వాక్యాన్ని సవరించవలసిందిగా కోరుతున్నాను. రాయగడ, గుణుపురం బడుల్లో మీ పేజీ చదివే తెలుగు పిల్లల పక్కనే ఆ కొండవారి బిడ్డలైన కొంధు పిల్లలు, సవర పిల్లలు కూర్చుంటారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
రాయగడ, ఒడిశా