పాత బండి ఏసీకి ప్రతి వేసవీ గ్యాసేనా?

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదరగానే మా విజయవాడలో కారు ఏసీ దుకాణాల ముందు పాత ఇన్నోవాలు, టవేరాలు, జైలోలు బారులు తీరుతాయి. పెద్ద కుటుంబాలకు పెళ్లిళ్లకైనా, తిరుపతి ప్రయాణానికైనా, ఆసుపత్రి అవసరానికైనా ఇప్పటికీ ఈ బండ్లే ఆధారం. చల్లదనం రావడం లేదని చెప్పగానే, బానెట్ పూర్తిగా ఎత్తకముందే, "గ్యాస్ అయిపోయిందండీ, కొట్టేద్దాం" అనే సమాధానం వినిపిస్తుంది. ఈ ఒక్క అలవాటు వల్ల బండి యజమానులు, ముఖ్యంగా కిరాయికి తిప్పుకొనే డ్రైవర్లు ఏటా నష్టపోతున్న తీరును మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా 2010 నాటి ఇన్నోవాకు వరుసగా మూడు వేసవులు గ్యాస్ ఎక్కించాను. ప్రతిసారీ నెలన్నర బాగానే ఉండేది. మూడో ఏడు మే నెలలో మా అమ్మను వైద్యం కోసం హైదరాబాదు తీసుకెళ్తుండగా సూర్యాపేట దాటేసరికి వేడిగాలి మొదలైంది. నడిమి సీట్లో కూర్చున్న ఆమె ఏమీ అనకుండా కొంగు తడిపి మొహానికి అద్దుకుంటూ, అద్దం దించమని మాత్రం సైగ చేసింది. తిరిగి వచ్చాక ఆటోనగర్‌లో ఒక పెద్దవయసు మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన పీడనం కొలిచే గేజీలు తగిలించకముందే టార్చి వేసి, గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కు పైపు కలిసే చోట పేరుకున్న నల్లటి జిడ్డుమట్టిని చూపించారు. గ్యాస్‌తో పాటు, దాన్ని నొక్కి తిప్పే కంప్రెసర్‌లోని ఆయిల్ కూడా పైపుల్లో తిరుగుతుందని, గ్యాస్ కారే చోట ఆ ఆయిల్ చెమ్మగా బయటికొచ్చి దుమ్మును పట్టుకుంటుందని చెప్పారు. నైట్రోజన్ ఎక్కించి సబ్బునురగ పూయగానే సరిగ్గా అక్కడే సన్నటి బుడగలు లేచాయి. గట్టిపడి పగిలిన చిన్న ఓ-రింగ్ (అతుకు దగ్గరి రబ్బరు చుట్ట) మార్చడంతో మూడేళ్ల బాధ తీరింది.

కారు ఏసీ వంటింటి సిలిండర్ లాంటిది కాదు; వాడేకొద్దీ అందులో గ్యాస్ ఖర్చయిపోదు. రబ్బరు పైపుల గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గితే తగ్గవచ్చు గానీ, ఒక్క వేసవిలోనే తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు కనిపెట్టి మూసిన తరువాత, వ్యాక్యూమ్ పంపు కనీసం అరగంట నడిపి లోపలి గాలిని, తేమను తీసివేయాలి. తేమ మిగిలితే అది గ్యాస్ చల్లబడే ఇరుకు దారి అయిన ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తుంది, పోనుపోను లోపలి భాగాలను తినేస్తుంది. ఆ పైన, బానెట్ కింద స్టిక్కర్ మీద కంపెనీ ముద్రించిన బరువు ప్రకారం గ్యాస్‌ను తూకం వేసి ఎక్కించాలి. చేత్తో పైపు పట్టుకుని చూసి అందాజుగా ఎక్కించడం పద్ధతి కాదు. ఎక్కువ పోస్తే చల్లదనం పెరగదు సరికదా, పీడనం పెరిగి కంప్రెసర్ దెబ్బతింటుంది.

అసలు గ్యాస్‌తో సంబంధమే లేని లోపాలు చాలా ఉన్నాయి. బండి పరుగెత్తేటప్పుడు చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడెక్కితే ముందుగా అనుమానించవలసింది కండెన్సర్ ఫ్యాను, లేదా కండెన్సర్ రెక్కల్లో ఇరుక్కున్న మట్టి, పురుగులు. గాలి చల్లగానే ఉన్నా బలంగా రాకపోతే ఫిల్టరో, కూలింగ్ కాయిలో మూసుకుపోయి ఉంటుంది. బ్లోయర్ ఒక్క ఆఖరి స్పీడులోనే తిరుగుతుంటే పోయింది దాని వేగాన్ని తగ్గించే రెసిస్టర్. అది చాలా చిన్న పని. ముందు సీటు కాళ్ల దగ్గర నీళ్లు కారితే డ్రెయిన్ పైపు పూడిందని అర్థం. ముందు చల్లగా ఉండి వెనుక రాకపోతే వెనుక బ్లోయర్, దాని కాయిల్ చూడాలి. గ్యాస్ తక్కువైనా అలా జరగవచ్చు కనుక గేజీలతో కొలిచే తేల్చుకోవాలి.

హీటరును మన ప్రాంతంలో ఎవరూ పట్టించుకోరు. అరకు, లంబసింగి చలిలోనో, తిరుమల ఘాట్‌లో వానకు అద్దం మసకబారినప్పుడో మాత్రమే అది గుర్తొస్తుంది. కానీ వేసవిలో కూడా దాని ప్రభావం ఉంటుంది. కేబుల్‌తో నడిచే హీటర్ వాల్వు ఉన్న పాత బండ్లలో అది పూర్తిగా మూసుకోకపోతే, ఇంజను వేడినీరు లోపలికి వస్తూనే ఉండి ఏసీ చల్లదనాన్ని మింగేస్తుంది. ఎన్నిసార్లు గ్యాస్ కొట్టినా ఉపయోగం ఉండదు. బండి లోపల తియ్యటి వాసన వస్తూ అద్దం మీద జిగట పొర పడుతుంటే హీటర్ కోర్ (ఆ వేడినీరు తిరిగే చిన్న రేడియేటర్) నుంచి కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) కారుతున్నట్టు. దాన్ని వెంటనే చూపించుకోవాలి, లేకపోతే కూలెంట్ తగ్గి ఇంజనుకే ప్రమాదం.

డ్రైవర్ సోదరులకు మరొక మాట. ఎంత అలసిపోయినా మూసిన చోట ఇంజను ఆన్‌లో ఉంచి, ఏసీ వేసుకుని నిద్రపోకండి. పాత బండ్లలో పొగగొట్టం తుప్పుపట్టి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి చేరుతుంది. దానికి వాసన ఉండదు.

కారిపోయే గ్యాస్ ఊరికే పోదు. ఈ బండ్లలో వాడే ఆర్-134ఏ వాయువు నూరేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుందని, ఇలాంటి వాయువుల వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ ఒప్పందమైన కిగాలీ సవరణలో లెక్కగట్టారు. ఆ సవరణను మన దేశం 2021లో ఆమోదించింది. అయినా పాత గ్యాస్‌ను యంత్రంలోకి పట్టకుండా రోడ్డు మీదే వదిలేయడం నేను చాలా దుకాణాల్లో చూశాను.

మెకానిక్‌లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వారిలో చాలామంది పక్కనున్నవారిని చూసి పని నేర్చుకున్నవారే. ఐటీఐలలో సాయంత్రం వేళ వారికోసం ఏసీ మీద స్వల్పకాలిక శిక్షణ ఏర్పాటు చేయాలని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను కోరుతున్నాను. గ్యాస్ ఎన్ని గ్రాములు ఎక్కించారో, లీకు ఎక్కడ దొరికిందో బిల్లు మీద రాసివ్వమని యజమానులు అడగాలి. మీ పత్రిక జిల్లా అనుబంధంలో వారానికొకసారి అనుభవజ్ఞులైన మెకానిక్‌ల చేత ఇటువంటి విషయాలు రాయించగలరని మనవి.

— ఒక పాఠకుడు, విజయవాడ