అంబాజ్ అంటే మన చెక్కే మామా

టోలీచౌకి, హైదరాబాదు
ఆదివారం రాత్రి

మామా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయలేదని ఎంత తిట్టుకుని ఉంటావో తెలుసు. తిట్టు, పడతా. ఇక్కడ అందరూ బాగున్నారు. అమ్మ మోకాలికి మందు మార్చారు, పాప పరీక్షలు అయిపోయాయి, నాకు ఈ నెలంతా నైట్ షిఫ్టే. పది గంటలకు క్యాబ్ వస్తుంది. ఆలోపు నీకు ఒక సంగతి చెప్పేయాలి, రెండు రోజులుగా గొంతులోనే ఉండిపోయింది.

మా పై వాటాలో సూడాన్ కుర్రాడు ఉంటున్నాడని రాశా కదా, ఫార్మసీ చదువుతున్నాడని. మొన్న శుక్రవారం భోజనానికి పిలిచాడు. అసీదా వండాడు. జొన్నపిండి కెలికి, గిన్నెలో పోసి, పళ్లెంలోకి బోర్లించాడు. చుట్టూ మాంసం పులుసు, చిక్కదనానికి అందులో ఎండబెండకాయ పొడి. తుంచుకుని, ముంచుకుని తినడమే. మామా, అచ్చం మన సంగటి! ఆ మాటే అన్నా. భలే నవ్వాడు. మీ ఊళ్లో ఏం పండిస్తారని అడిగాడు. శెనక్కాయలు అన్నా. మావైపు కూడా అవే అన్నాడు. నూనె తీశాక మిగిలేదాన్ని ఏం చేస్తారన్నాడు.

"చెక్క అంటాం. ఎనుములకు పెడతాం" అన్నా.

అతని చెయ్యి ముద్ద మీదే ఆగిపోయింది. "దాన్ని మేం అంబాజ్ అంటాం. మా అక్క పిల్లలు మూడు నెలలు అదే తిన్నారు భాయ్" అన్నాడు.

కుడితి తొట్టి దగ్గర మన పందెం గుర్తుందా? ఎవరికీ చెప్పనని ఎర్ర సైకిల్ మీద ఒట్టేశా కాబట్టి ఇంతకంటే రాయను. ఒక్క ముక్క తిని నువ్వు రెండు రోజులు బడికి రాలేదు. మూడు నెలలు మామా! ఫోన్‌లో ఫొటో చూపించాడు. పలక లాంటి బూడిదరంగు చెక్క, దాన్ని రాయితో పగలగొడుతున్న చిన్న చెయ్యి. నానబెట్టి, ఉడకబెట్టి తినేవాళ్లట.

వాళ్లది సూడాన్ పడమటి ప్రాంతం దార్ఫూర్‌లోని ఎల్ ఫాషెర్ అనే ఊరు. ఆ దేశంలో సైన్యాధిపతి బుర్హాన్, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళం నాయకుడు హెమెద్తి కలిసి 2021లో ప్రభుత్వాన్ని కూలదోశారు. తర్వాత ఆ దళాన్ని సైన్యంలో కలిపే దగ్గర ఇద్దరికీ చెడింది. 2023 ఏప్రిల్ 15న మొదలైన యుద్ధం కోటి మందికి పైగా జనాన్ని ఇళ్ల నుంచి తరిమేసింది. ఎల్ ఫాషెర్‌ను ఆర్‌ఎస్‌ఎఫ్ 500 రోజులకు పైగా ముట్టడించింది. గింజ కూడా లోపలికి పోకుండా ఊరి చుట్టూ మట్టికట్ట పోశారు. లోపల చిక్కుకున్నవాళ్లలో 1,30,000 మంది పిల్లలే అని యూనిసెఫ్ చెప్పింది. అంతటి ముట్టడిలోనూ వీధి కుర్రాళ్లు కలిసి పెద్ద గిన్నెల్లో వండి పెట్టేవాళ్లు. ఆ వంటశాలలను తకాయా అంటారట. చివరికి వాటిలోనూ వండడానికి ఏమీ మిగల్లేదు. 2025 అక్టోబర్ 26న ఊరు పడిపోయింది.

ఇదంతా మనకెందుకు తెలియలేదు? యుద్ధం మొదలవగానే మనవాళ్లను వెనక్కి తెచ్చిన ఆపరేషన్ కావేరి గుర్తు తెచ్చుకో. 3,800 మందికి పైగా భారతీయులను, ఎక్కువమందిని పోర్ట్ సూడాన్ మీదుగా, తెచ్చారు. మన తెలుగువాళ్లు కూడా దిగారు, టీవీ ముందు మనం చప్పట్లు కొట్టాం. మనవాళ్లు వచ్చేశారు, వార్త అయిపోయింది. నేనూ అక్కడితో యుద్ధం అయిపోయిందనే అనుకున్నా. తప్పు కాదా మామా అది? నాకు నిద్ర పట్టట్లేదు.

అసలుది ఇంకా రాయలేదు. మేం తింటుండగానే వీడియో కాల్ వచ్చింది. అక్క ఇద్దరు పిల్లలతో రాత్రిళ్లు నడిచి, దాదాపు 60 కిలోమీటర్ల అవతల తవీలా అనే ఊరు చేరింది. అక్కడ డబ్బు కట్టి ఇంటర్నెట్ వాడుకోవాలట, అందుకే వారానికి ఒక్కసారే. పాప ముఖం కనిపించగానే ఇతను ఫోన్‌ను గబుక్కున పైకెత్తాడు, పళ్లెం కనబడకుండా. వెనకాల మా ఫ్యాన్ తిరుగుతోంది. పాప ఏదో అడిగింది, ఇతను ఒక్క మాట చెప్పాడు. కాల్ కట్ అయ్యాక ఏమందని అడిగా. "ఈ రోజు నువ్వేం తిన్నావని. రొట్టె అని చెప్పా" అన్నాడు. మిగిలిన అసీదా ఇద్దరం ముట్టుకోలేదు. బావ దారిలో విడిపోయాడట, ఇంకా కబురు... సరే, అది వద్దులే.

నీ దగ్గర 40 మంది పిల్లలున్నారు మామా. ప్రార్థన తర్వాత రోజూ వార్తలు చదివిస్తావు కదా, ఒక్క రోజు ఇది చదివించు. మ్యాపులో ముందు నైలు నది పట్టుకోమను, అక్కడి నుంచి పడమరకు, చాద్ వైపు వేలు జరపమను. చెక్క అంటే ఏమిటో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, అందరి ఇళ్లలోనూ పశువులున్నాయి. ఆ పాప పేరు మాత్రం నేను రాయను...

క్యాబ్ వచ్చేసింది, హారన్ కొడుతున్నాడు. బోర్డు మీద ఎల్ ఫాషెర్ అని పెద్దక్షరాలతో రాయించు. బావ సంగతి తెలిస్తే వెంటనే రాస్తా.

నీ
మామ