పంట అయ్యాక ఆ ప్లాస్టిక్ షీటు ఎక్కడికి పోవాలి?

సంపాదకులకు నమస్కారం.

మొక్కల చుట్టూ నేల మీద ప్లాస్టిక్ షీటు కప్పే పద్ధతికి, అంటే మల్చింగ్‌కు, ఇచ్చే రాయితీ గురించి పోయిన వారం మీ జిల్లా పేజీలో వార్త చదివాను. కలుపు రాదు, తడి నిలుస్తుంది, దిగుబడి పెరుగుతుంది అని రాశారు. నిజమే. మదనపల్లె దగ్గర తొమ్మిదేళ్లుగా టమాటాకు నేనూ వేస్తున్నాను. పంట అయ్యాక ఆ షీటు ఏమవుతుందో మాత్రం అందులో ఒక్క మాటా లేదు.

ఎకరానికి ఐదు చుట్టలు, 50 కిలోల పైమాటే. 25 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందముండే షీటు నెలల తరబడి ఎండకు మాడి, మొక్కలకు ఊతంగా పాతిన కట్టెలు పీకే నాటికి చేతిలోనే చిరిగిపోతుంది. కూలీలను పెట్టి ఏరించినా మట్టి కప్పిన అంచులు లోపలే ఉండిపోతాయి. రోటవేటరు తిప్పితే అవి గోరంత ముక్కలవుతాయి. ఏరిన కుప్పకు మట్టి అంటిందని పాత సామాన్ల వాళ్లు కొనరు. గాలికి లేచినవి ఆవులు మేస్తున్నాయి. మిగిలింది గట్టున పోసి తగలబెడుతున్నాం. ఆ పొగ చూసినప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది, కానీ వేరే దారి ఎవరూ చూపలేదు.

సంతలో పల్చటి సంచి ఇచ్చిన కూరగాయల ఆమెకు జరిమానా వేస్తారు. సంచి 120 మైక్రాన్లకు తగ్గకూడదని 2022 చివరి నుంచి నిబంధన. దాదాపు అందులో ఐదో వంతు మందమున్న షీటు పొలమంతా పరచడానికేమో హెక్టారుకు 32 వేలు ఖర్చు కట్టి సగం ప్రభుత్వమే ఇస్తూ వచ్చింది. తీయడానికి పైసా లేదు. మట్టి పరీక్ష ఫలితాలు రాసిచ్చే సాయిల్ హెల్త్ కార్డులో జింకు, బోరాన్ దాకా 12 అంశాలు చూస్తారు, ప్లాస్టిక్ ముక్కల ఊసే ఉండదు. షీటు పరిచిన రోజు ఫొటోకు వచ్చే అధికారులను పీకే రోజు ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదు.

మట్టిలో కలిసిపోతుందంటే నమ్మి, రెండేళ్ల కిందట ఒక దుకాణంలో రెట్టింపు ధరకు షీటు కొన్నాను. కలవలేదు. పెళుసుబారి ముక్కలైంది. ఇప్పటికీ దున్నినప్పుడల్లా పైకి తేలుతోంది. వ్యవసాయ కళాశాలలో చదివే మా అమ్మాయి చెప్పాకే తేడా తెలిసింది. మామూలు పాలిథీన్‌లో రసాయనం కలిపి ఎండకు ముక్కలయ్యేలా చేసేది ఒకటి. దాన్ని యూరప్ 2019 చట్టంతో నిషేధించింది. పిండి పదార్థం, పీబీఏటీ అనే కుళ్లిపోయే రకం ప్లాస్టిక్ వంటివాటితో చేసి, మట్టిలోని సూక్ష్మజీవులు తినేసేది ఇంకొకటి. దీనికి అక్కడ 2018లోనే ప్రమాణం పెట్టారు. షీటులోని కర్బనంలో 90 శాతం రెండేళ్లలోపు మట్టిలోనే కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. మొక్కజొన్న నుంచి తీసే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ అయితే బాగా వేడెక్కిన కంపోస్టులో కుళ్లిపోతుంది గానీ పొలం మట్టిలో ఏళ్లు గడిచినా అలాగే ఉంటుంది. దుకాణంలో మాత్రం అన్నిటికీ 'బయో' అనే ఒకటే పేరు. ఏది ఏదో రైతు ఎలా కనిపెట్టాలి?

మన వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలు ఈ షీట్లను రాయలసీమ ఎర్రనేలల్లో, మా ఎండల్లో, మా కొద్దిపాటి వానల్లో వేసి చూడాలి. పంట మధ్యలో చిరిగితే మాకు నష్టం, మరో రెండు పంటల దాకా నిలిచిపోయినా నష్టమే. ఆ పరీక్షలో నెగ్గిన షీటుకే రాయితీ పెంచి ఇవ్వాలి. అంతవరకు వాడేసిన షీటును మండలంలోనే కిలో లెక్కన కొనే ఏర్పాటు చేయాలి.

నేను కొన్న షీటు ముక్కలు ఒక గోతం నిండా ఏరి ఉంచాను. పరీక్ష చేస్తామని ఏ శాఖ వారు అన్నా నేనే తెచ్చి ఇస్తాను.

ఒక టమాటా రైతు,
మదనపల్లె ప్రాంతం