కడారం సామ్రాజ్యం అంటున్నారు, ముందు లంక లెక్క చూడండి

సంపాదకుడు గారికి,

మొన్న ఆదివారం అనుబంధంలో వేసిన ‘చోళులు కడారం నుంచి వెనక్కి రాకపోయి ఉంటే’ అనే ఊహా కథనం చదివాను. కడారం అంటే ఇప్పటి మలేసియాలోని కెడా, అప్పట్లో శ్రీవిజయం కిందిది. సరదాగానే ఉంది. 1025లో రాజేంద్ర చోళుడు సుమత్రా కేంద్రంగా ఉన్న శ్రీవిజయ రాజ్యాన్ని కొట్టాక సైన్యాన్ని అక్కడే ఉంచేసి, మలక్కా జలసంధిని గుప్పిట్లో పెట్టుకుని, పోర్చుగీసు వాళ్లు వచ్చేసరికి ఆ సముద్రమంతా తమిళ సామ్రాజ్యం చేసేసినట్టు రాశారు. ఊహే కదా, ఏదైనా రాసుకోవచ్చు. కాకపోతే మీ కథలో ఓడలున్నాయి, జెండాలున్నాయి, ఖర్చే ఎక్కడా కనపడలేదు.

తంజావూరు గుడి శాసనం ఆ దండయాత్రని బాగానే వర్ణిస్తుంది. అలలెగసే సముద్రం నడుమకి ఎన్నో ఓడలు పంపి, కడారం రాజు సంగ్రామ విజయోత్తుంగవర్మని ఏనుగులతో సహా పట్టుకుని, పోగేసిన ధనాన్నీ, విద్యాధర తోరణం అనే కోట ద్వారాన్నీ చేజిక్కించుకున్నారట. ఆ తర్వాత శ్రీవిజయం, పన్నై, మలైయూర్, ఇలంగాశోకం అంటూ ఊళ్ల పేర్లు వరసగా వస్తాయి. అంతే. ఏ ఊరికి ఎవరిని అధికారిగా పెట్టారు, శిస్తు ఎంత కట్టారు అనేది ఒక్క ముక్క కూడా లేదు. వెళ్లారు, కొట్టారు, దోచుకొచ్చారు.

అసలు ‘ఉండిపోతే ఏమయ్యేది’ అన్నదానికి ఊహ ఎందుకండీ, పక్కనే లంకలో అది నిజంగానే జరిగింది. 993 ప్రాంతంలో రాజేంద్రుడి తండ్రి రాజరాజు ఉత్తర లంక పట్టాడు, అనురాధపురం పాడుబడింది, పొలొన్నరువ రాజధాని అయింది. 1017లో రాజేంద్రుడు లంక రాజు ఐదో మహిందుణ్ణి కూడా పట్టి తెచ్చాడు. అయినా దక్షిణాన రోహణలో తిరుగుబాట్లు ఆగలేదు, చివరికి 1070లో సింహళ రాజు విజయబాహు చోళుల్ని ద్వీపం నుంచే తరిమేశాడు. పాక్ జలసంధి దాటితే వచ్చేసేంత దగ్గర్లో ఉన్న లంకనే ఎనభై ఏళ్లు కూడా నిలుపుకోలేని వాళ్లు, బంగాళాఖాతం అవతల కడారాన్ని ఎలా ఏలతారు? అక్కడికి పోవాలంటే నైరుతి గాలి కావాలి, తిరిగి రావాలంటే ఈశాన్య గాలి కోసం కాచుక్కూచోవాలి. కడారంలో గొడవ మొదలైందన్న కబురు ఇక్కడికి చేరి, ఇక్కడి నుంచి సాయం బయల్దేరేసరికి గొడవ చేసినవాడు సింహాసనం ఎక్కి కూర్చుంటాడు. పైగా ఇంటి దగ్గర ఖాళీ ఏదీ? కల్యాణి చాళుక్యులతో పోరు తెగనే తెగలేదు, కొప్పం యుద్ధంలో రాజేంద్రుడి కొడుకు రాజాధిరాజు ఏనుగు మీదే చనిపోయాడు.

మీ కథలో నాకు బొత్తిగా నచ్చనిది వర్తకుల ఊసే లేకపోవడం. సైన్యం లేకుండానే తమిళం సముద్రం దాటిపోయింది. సుమత్రాలోని బారుస్ దగ్గర 1088 నాటి తమిళ శాసనం ఉంది, ఐనూట్రువర్ అనే వర్తక శ్రేణి వేయించింది. ఓడ మీద వచ్చినవాళ్లు కస్తూరి ధరని బట్టి ఇంత బంగారం చెల్లించాలని అందులో ఉంది. రాజు లేడు, దండు లేదు, లెక్క మాత్రం పక్కా! చైనాలో చువాన్‌జౌలో శివుడి గుడి తాలూకు తమిళ శాసనం 1281 నాటిది, అంటే చోళుల పని అయిపోయాక వేసింది. మీరు ఊహించిన సామ్రాజ్యంలో సగం ఇదే కదా, వీళ్లని వదిలేసి యుద్ధనౌకలు ఎందుకు పట్టుకున్నారో!

ఇంకో సంగతి, ఇది తెలుగు పత్రిక కాబట్టి మరీ చెప్పాలి. ‘ఇలా జరిగి ఉంటే’ అని అడగాల్సిన అసలు చోటు 1070. ఆ ఏడు చోళ సింహాసనం ఎక్కిన కులోత్తుంగుడు ఎవరు? మన రాజమహేంద్రవరం రాజరాజ నరేంద్రుడి కొడుకు, రాజేంద్ర చోళుడికి కూతురి కొడుకు. తండ్రి పోయాక వేంగి ఇతని చేతికి రాలేదు, పినతండ్రి విజయాదిత్యుడు పట్టుకున్నాడు. అదే వేంగి సజావుగా దక్కి ఉంటే ఈయన దక్షిణానికి వెళ్లేవాడా? వెళ్లకపోతే వారసుడు లేని చోళరాజ్యం ముక్కలయ్యేదేమో! ఆయనైతే లంక కోసం మళ్లీ పెద్ద యుద్ధానికి పోలేదు. సుంకాలు ఎత్తేసిన చోళుడని పేరు తెచ్చుకున్నాడు, 1077లో చైనాకి రాయబారం పంపాడు. విశాఖపట్నానికి కులోత్తుంగ చోళపట్టణం అని ఆయన పేరే పెట్టారు. ఇంత సరుకు ఇంటి పెరట్లో పెట్టుకుని మీ రచయిత మలక్కాలో వెతకడం ఏమిటి?

ఇలాంటి కథనాలు వాట్సాప్‌లోకి ఎక్కగానే ‘ఊహ’ అనే మాట రాలిపోతుంది, పిల్లలు అదే చరిత్ర అనుకుంటారు. 2025లో ఈ దండయాత్ర వెయ్యేళ్ల వేడుకలప్పుడూ ఇదే తంతు. వద్దనడం లేదు, పక్కన ఒక చిన్న పెట్టె కట్టి ఏది శాసనం, ఏది కల్పన అని వేస్తే చాలు. వీలైతే మన పాత రేవు మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడి 1244 నాటి అభయ శాసనం ఫొటో, దాని అర్థం కూడా వేయండి. తుపానుకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన సరుకుని అంతకుముందు రాజులు లాగేసుకునేవారు, మేము నియమించిన సుంకమే తీసుకుంటాం, ముప్పైకి ఒకటి అని అందులో ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం